తొందర సరంగు

ఇంకా కాఫీ గొంతులో పడలేదు, ఫోను మోగింది. ఐసు దిమ్మలు కావాలన్నాడు అవతలి మనిషి. మా ఐసు ఫ్యాక్టరీకి ఆ వేళప్పుడు వచ్చే ఫోన్లన్నీ అవే కాబట్టి అలవాటుగా "ఏ బోటుకి బాబూ?" అన్నాను.

"బోటుకి కాదండి, సరంగు గారికి," అన్నాడు. ఆ తర్వాత తానెవరో చెప్పాడు. ఆయన బావమరిదట. తెల్లవారుజామున గుండెల్లో పట్టేసినట్టుందని సరంగు గారు మంచం మీద ఒరిగాడట, మళ్ళీ లేవలేదు. కొడుకు మంగుళూరు బోట్ల మీద పనిచేస్తున్నాడు, రేపటికి గాని చేరడు. అవనిగడ్డలో అద్దెకిచ్చే ఫ్రీజరు పెట్టె అప్పటికే వేరే ఇంటికి వెళ్ళిపోయింది. ఈ ఎండల్లో రేపటిదాకా ఉంచాలంటే ఐసు తప్ప దారి లేదు.

ఫోను పెట్టేశాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇంత తొందరేమొచ్చింది ఈ మనిషికి అనుకున్నాను. ఆ వెంటనే గుర్తొచ్చింది, ఆయన తొందర మానేసి చాలా ఏళ్ళయిందని. అప్పుడు ఏడుపొచ్చింది.

బందరు గిలకలదిండి రేవులో సరంగులు చాలామంది. బోటు నడిపేవాడు సరంగు. నీళ్ళ మీద ఉన్నంతసేపు ఆయన మాటే చెల్లుతుంది. వల ఎక్కడ దించాలో, ఎప్పుడు ఎత్తాలో ఆయనే చెప్పాలి. అంతమంది ఉన్నా మా ఇంట్లో "సరంగు గారు" అంటే ఈయనే. పేరు లేక కాదు, ఆ పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు.

నేను ముదినేపల్లి దగ్గర పల్లెలో చేపల చెరువుల గట్ల మీద పెరిగినదాన్ని. నీళ్ళంటే పెట్టినచోట ఉండేవి అనుకునేదాన్ని. పెళ్ళయి బందరొచ్చాకే సముద్రాన్నీ చూశాను, మామగారి ఐసు ఫ్యాక్టరీనీ చూశాను, ఈయన్నీ చూశాను. మామగారిని అయ్యగారు అనేవాడు, నన్ను కోడలమ్మగారు అనేవాడు. మామగారు పోయారు, నా జుట్టు నెరిసింది, మా ఇంటికే ఒక కోడలొచ్చింది, అయినా నేను కోడలమ్మగార్నే. పాపం మా కోడలికి పిలుపు మిగల్లేదు. దాన్ని చిన్నమ్మగారు అని సర్దేశాడు.

పొట్టి మనిషి. కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడు, మా ఫ్యాక్టరీ సిమెంటు నేల కూడా ఏ క్షణాన ఒరుగుతుందో అన్నట్టు. ఇంజను పక్కన బతికిన గొంతు కావడంతో రహస్యం చెప్పినా రోడ్డవతలి టీ కొట్టుకి వినపడేది. కుర్చీ చూపిస్తే కూర్చునేవాడు కాదు. ఐసు పెట్టె బోర్లించి ఉంటే దాని అంచు మీద ఆనుకునేవాడు, అదీ అరనిమిషం. ఎందుకంటే ఆ రోజుల్లో ఆయనకి రేవులో ఉన్న పేరు తొందర సరంగు. ముందొచ్చిన బోట్లు వరసలో ఉండగానే కొక్కెం పట్టుకుని లోపలికొచ్చి దిమ్మ లాక్కుపోయేవాడు. మా వాళ్ళు కేకలేస్తే "ఆలస్యం అమృతం విషం కోడలమ్మగారూ," అని నాకు చెప్పి, వాళ్ళకి చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. టీ నిలబడి తాగి నాలుక కాల్చుకునేవాడు. మా అమ్మాయి పెళ్ళికి పిలిస్తే చక్కగా తెల్లచొక్కా వేసుకుని చర్చికి వచ్చాడు. పాస్టరు గారి ప్రసంగం సాగేకొద్దీ సాగుతోంది. నేను వెనక్కి తిరిగి చూస్తే బెంచీ ఖాళీ. తీరా చూస్తే వంటల షామియానాలో విస్తరి వేయించుకుని పులిహోర తింటున్నాడు. "ఇద్దరూ ఒప్పుకున్నాక ఇంకా మాటలెందుకండీ?" అన్నాడు నన్ను చూసి. ఇంకా తాళి కట్టలేదు సరంగు గారూ అంటే, "కట్టేస్తారు లెండి, అంతదాకా వచ్చాక మానతారా?" అన్నాడు.

తాబేళ్ళ దగ్గరా అదే తొందర. ఈ సంగతి చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను.

చలి తగ్గుతూ ఉండే రోజుల్లో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకి వస్తాయి. రొయ్యల బోట్లు కూడా ఆ రోజుల్లో ఒడ్డుకి దగ్గరగానే తిరుగుతాయి. రొయ్య అడుగున ఉంటుంది కాబట్టి వలని అడుగునే గంటల తరబడి ఈడుస్తారు. తాబేలు చేప కాదు, మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. వలలో పడ్డది పైకి రాలేదు. వల ఎత్తి డెక్కు మీద కుమ్మరించేసరికి రొయ్యల మధ్య, పీతల మధ్య మెడ వాల్చేసి పడుంటుంది.

పల్లెల్లో దాన్ని కూర్మావతారం అంటారు. కొయ్యరు, కాలితో తాకరు. అలాగని బోటు మీద శవాన్ని ఉంచుకోరు, అరిష్టం. గంగమ్మ బిడ్డని గంగమ్మకి వెంటనే అప్పజెప్పాలి, అదీ సరంగు చేతుల మీదే జరగాలి. ఈయన దాన్ని గొప్ప నిష్ఠగా చేసేవాడు. బోటు తిప్పే చక్రం దగ్గర దేవుడి పటం కింద పసుపు కుంకాల డబ్బా ఉండేది. వల దారం ఒక మూర తుంచి పసుపులో పొర్లించి, తాబేలు కుడి ముందు రెక్కకి కట్టేవాడు. నెత్తిన బొట్టు పెట్టేవాడు. దణ్ణం పెట్టుకుని, చెరో పక్కా పట్టించి, నీళ్ళు చిందకుండా జారవిడిచేవాడు. మిగతా బోట్లవాళ్ళు బొట్టుతో సరిపెట్టేవారు. పసుపు తాడు ఈయన సొంతం. ఆ తాడుకి వేసే ముడి కూడా ఆయన ఏరి ఎంచుకున్నదే, రెండు ఉచ్చులు చెవుల్లా వదిలి మెలిపెట్టే ముడి. తడిసిందంటే ఇంకా బిగుసుకుంటుంది. సముద్రంలో ఊడిపోకూడదు కదా మరి. ఆ ముడి రాంబాబుకి తప్ప ఎవరికీ నేర్పలేదు.

రాంబాబు ఆయన బోటు మీద రెండో మనిషి. ఆయన కునుకు తీస్తే చక్రం పట్టేది అతనే. పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు, మితంగా మాట్లాడే మనిషి. ఆయన ఏం చేస్తే అది చేసేవాడు. ఆయన తలకి తువ్వాలు ఎటు చుడితే అతనూ అటే చుట్టేవాడు.

"ఎంత బేగి పంపితే అంత పుణ్యమండి," అనేవాడు సరంగు గారు నాతో.

తాబేళ్ళు వలలో పడకుండా ఒక ఏర్పాటు ఉందనీ, అది బోట్లకి పెట్టించుకోవాలనీ చేపల ఆఫీసు వాళ్ళు చెప్పి పోయారు. వల గొంతులో అడ్డంగా ఒక ఇనప చట్రం, దాని పక్కనే వలకి చీలిక, ఆ చీలిక మీద వదులుగా ఒక మూత. రొయ్య చువ్వల మధ్య నుంచి సంచిలోకి జారిపోతుంది. తాబేలు చట్రానికి తగిలి, మూత తోసుకుని బయటపడుతుంది. రేవులో దాన్ని తాబేళ్ళ తలుపు అన్నారు. ఈయన బోటు ఓనరు కూడా పెట్టించాడు, రేవులో ఉన్నంతసేపు చూడ్డానికి బాగానే ఉండేది. మొగ దాటి సముద్రంలో పడగానే సరంగు గారే సూది తీసుకుని ఆ మూత కుట్టేసేవాడు. "దేవుడికని తలుపు తీస్తే లచ్చిందేవి కూడా దాంట్లోంచే పోతదండి," అని నవ్వేవాడు. అందరూ కుట్టేవాళ్ళే, ఈయన ఒక్కడే కాదు.

ఒకసారి ఐసుకొచ్చి, దిమ్మ దగ్గరికి వెళ్ళకుండా గుమ్మం పక్క పెట్టె మీద కూర్చున్నాడు. ఆనుకోలేదు, కూర్చున్నాడు. మా వాళ్ళు వింతగా చూశారు. మనవరాలు పుట్టిందని విన్నాను కాబట్టి స్వీట్లేవి సరంగు గారూ అన్నాను. ఆయన ఆ మాట విన్నట్టు లేడు.

"కోడలమ్మగారూ, మూర్ఛకీ చావుకీ తేడా ఎలా తెలుస్తదండీ?" అన్నాడు.

డాక్టరుకి తెలుస్తుంది, నాకేం తెలుసు అన్నాను. కాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. మనవరాలు పుట్టిన పురుడు. పురుడు ఉన్నవాడు దేవుడి పటం కింద డబ్బా ముట్టకూడదు. వలలో తాబేలొచ్చింది, మెడ వాల్చేసింది, ఎప్పటిలాగే. సరంగుకే పురుడుంటే ఎవరు పంపాలి? సరంగు తప్ప ఇంకొకరు చెయ్యరాదు. పసుపు కుంకం లేకుండా పారేస్తే పాపం. రేవుకి తీసుకెళ్ళి వేరే సరంగు చేత చేయిద్దామని, దాన్ని చక్రం గది వెనక నీడలో తాళ్ళ చుట్ట మీదకి లాగి, శవం కదా అని తడి గోనె కప్పారు. తాళ్ళ చుట్ట మీద వెనక భాగం ఎత్తుగా, తల వాలుగా ఉండిపోయింది. పొద్దు వాలాక రాంబాబు నీళ్ళ కోసం అటు వెళ్ళి కెవ్వున అరిచాడు. గోనె నడుస్తోంది.

"కళ్ళు తెరిచిందండి," అన్నాడు. "నోట్లోంచి నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, నన్ను చూసింది. ముందుకు పాకింది. మేం పట్టుకుని దించితే ఈదుకుంటా పోయింది."

మంచిదేగా అన్నాను నేను. నాకు నిజంగా అర్థం కాలేదు.

"మంచిదేనండి," అన్నాడు. "మరి ముందరియ్యో?"

అప్పటికి గాని నాకు తట్టలేదు. ఆయన చూపు ఐసు మీద ఉంది. ఊపిరి ఉండీ లేనట్టు పడున్న ప్రాణాన్ని, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి, మళ్ళీ నీళ్ళలోనే ముంచేశాడు. ఎంత బేగి అయితే అంత బేగి. ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నాడో ఆయనకే లెక్క లేదు. బొట్టు పెట్టకుండా విసిరేసేవాడైనా కాస్త ఆలస్యం చేశాడేమో గాని, ఈయన చెయ్యలేదు. భక్తి ఉన్నవాడు కాబట్టి చెయ్యలేదు.

ఓదార్చడానికి ఏదో ఒకటి అనాలి కాబట్టి, మా చర్చిలో మనిషి చనిపోయాడు అనం సరంగు గారూ, నిద్రించాడు అంటాం అని చెప్పాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"మీరే నయమండి," అన్నాడు. "కాస్త టైమిత్తారు."

ఆ రోజు ఐసు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాంబాబు వచ్చి తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత నేను చూసిన మనిషి వేరు. టీ సాసరులో పోసి, చల్లారి మీగడ కట్టేదాకా చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. వరసలో అందరికన్నా వెనక నిలబడేవాడు. మా వాచ్‌మన్ మధ్యాహ్నం బల్ల మీద పడుకుంటే దగ్గరికెళ్ళి ముక్కు కింద వేళ్ళు వెనక్కి తిప్పి పెట్టి చూసేవాడు. వాడు ఉలిక్కిపడి లేచేవాడు. "నన్ను చంపేస్తాడమ్మా ఈయన," అని నాకు ఫిర్యాదు. "చచ్చావేమోనని చూస్తన్నాగదరా," అనేవాడు ఈయన చాలా సీరియస్‌గా. పేపర్లో శ్రద్ధాంజలి ఫొటోలు వస్తే వేలు పెట్టి చూపించి, "డాక్టరు సరిగ్గా చూశాడంటారా?" అని అడిగేవాడు. మొదట్లో మేమంతా నవ్వాం. నేనైతే ఆయన మాట ఆయనకే అప్పజెప్పేదాన్ని, ఆలస్యం అమృతం విషం కదా సరంగు గారూ అని. నవ్వేవాడు కాదు. తర్వాత నేనూ మానేశాను.

బోటు మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత వేటకెళ్ళిన మొదటిసారే మూత కుట్టడం మానేశాడు. మూత తెరిచి ఉన్నా దారి తప్పి సంచిలో చిక్కుకునేవి కొన్ని ఉంటాయి. వాటిని నీడలో పడుకోబెట్టి, వెనక భాగం కింద చెక్క పెట్టి, తడి గోనె కప్పి కూర్చునేవాడు. కొన్ని లేచేవి, కొన్ని లేచేవి కావు. లేవనివాటిని కూడా వాసన తగిలేదాకా వదిలేవాడు కాదు. రొయ్యలేరే చోట అది పడుంటే పని సాగదు. పైగా శవం. జీతానికి కాక పట్టినదాంట్లో వాటాకి, పాలకి, పనిచేసే మనుషులు వాళ్ళు, రొయ్య తగ్గితే వాళ్ళ పాలే తగ్గుతుంది. ఒకడు పక్క బోటుకి మారాడు, వాడి వెంట ఇంకొకడు.

రాంబాబు ఆయనకి ఎదురు మాట్లాడటం నేను ఒకేసారి విన్నాను, మా ఫ్యాక్టరీ గుమ్మంలో.

"శవాన్ని పక్కన పెట్టుకుని వేటేంటండీ? ఎవడొస్తాడు మన బోటుకి?" అన్నాడు.

"శవం కాదురా."

"అన్నిటికీ కాదంటన్నారు. మొన్నది లేచిందా?"

"లేవకపోతే అప్పుడొదులుదాం. ముందే వదిలేస్తే ఎట్టా లేస్తది?"

"నాకు పిల్లలున్నారండి," అన్నాడు రాంబాబు తల దించుకుని.

"దానికీ ఉన్నారురా, కడుపులో."

రాంబాబు ఐసు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. నేను ఎవరి పక్షమూ మాట్లాడలేకపోయాను. రొయ్య పడకపోతే నా ఐసు కొనేదెవరు? రాంబాబు పిల్లలు చదివే స్కూలు దారిలోనే మా ఇల్లు, రోజూ పొద్దున సంచులు మోసుకుంటూ పోతుంటారు.

ఆ ఏడు వేట నిషేధం అయ్యాక బోటు మళ్ళీ సముద్రంలోకి దిగినప్పుడు చక్రం రాంబాబు చేతిలో ఉంది. ఓనరు కబురు పెట్టి, పెద్దవారయ్యారు, ఇక ఇంటి పట్టున ఉండండి అన్నాడట, మర్యాదగానే. సరంగు గారు పసుపు కుంకాల డబ్బా ఒక్కటి తెచ్చుకుందామని వెళితే, అది బోటుకి చెందింది, ఇవ్వకూడదన్నారు. సామాను లేకుండానే దివిసీమ వెళ్ళిపోయాడు, కోడూరు అవతల సొంత పల్లెకి.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను. మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళం బస్సు మాట్లాడుకుని పాలకాయతిప్ప వెళ్ళాం. అందరూ నీళ్ళలో ఆడుకుంటున్నారు, చీరలు తడుస్తున్నాయని అరుస్తున్నారు. నేను ఒడ్డు వెంబడి నడుచుకుంటూ వెళితే దూరంగా నల్ల గొడుగు ఒకటి ఇసకలో పాతి ఉంది. దాని నీడలో చచ్చిన తాబేలు, ఎండలో ఆయన.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "బాగున్నారా కోడలమ్మగారూ? చిన్నమ్మగారు బాగున్నారా?" అని అన్నీ అడిగాడు. గొంతు తగ్గిపోయింది, ఆ అలల హోరులో చెయ్యి చెవికి పెట్టుకుని వినాల్సి వచ్చింది. తాబేలు ఉబ్బిపోయి ఉంది, కళ్ళు పీతలు తినేశాయి. ఊరుకుని ఉండాల్సింది గాని నా నోరు ఊరుకోదు.

"సరంగు గారూ, ఇది పోయి ఎన్నాళ్ళయిందో. దీని దగ్గర కూర్చుని ఏం చేస్తారు?" అన్నాను.

"తెలుసండి," అన్నాడు. "ఇది లెగవదు. అక్కడ ఆగాల్సినోళ్ళు ఆగలేదు. నేనన్నా కాసేపు ఆగుదామని."

ఊళ్ళో ఆయన్ని తాబేళ్ళ డాక్టరు అని ఏడిపిస్తున్నారని వాళ్ళావిడ ఎవరితోనో అందని అంతకుముందే విన్నాను. ఆ రోజు నాకు ఎందుకో నవ్వు రాలేదు, ఎవరికైనా ఎలా వచ్చిందా అనిపించింది.

వెళ్ళొస్తానని చెప్పబోతూ ఆయన వేళ్ళు చూశాను. గోళ్ళు చీరుకుపోయి నెత్తురు గడ్డకట్టి ఉంది. ఏమిటిది అంటే, తాబేలు కుడి ముందు రెక్క ఎత్తి చూపించాడు. దానికి ఒక దారం ఉంది. ఉప్పునీళ్ళకి వెలిసిపోయినా మడతల్లో పసుపు ఇంకా మిగిలింది. రెండు చెవుల ముడి.

"పొద్దుటి నుంచి విప్పుదామని చూస్తన్నానండి. రావట్లేదు. తడిస్తే బిగుస్తదని ఏరి కోరి నేనే నేర్పా వాడికి."

మా వాళ్ళు బస్సు దగ్గర నుంచి పిలుస్తున్నారు. కత్తితో కోసెయ్యకూడదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. విప్పాలి గాని కొయ్యకూడదట. ఎందుకని నేనూ అడగలేదు.

"రాంబాబు ఐసుకొస్తాడుగదండీ," అన్నాడు చివర్న. "తలుపు సంగతి వద్దులెండి, అది వాడి చేతిలో లేదు, ఓనరు ఊరుకోడు. కాసేపు ఆగమని మాత్రం చెప్పండి. బొట్టెట్టుకోనీ, తాడు కట్టుకోనీ. కాసేపు ఆగి వదలమనండి. నే జెప్తే వినడు, మీరు జెప్తే వింటాడేమో. ఒక్కటి లేచిందని తెలిస్తే చాలండి నాకు."

చెప్పాను. రాంబాబు ఐసుకొచ్చినప్పుడల్లా చెప్పాను. "అలాగేనండి," అనేవాడు, దిమ్మలు సరిచూసుకుంటూ. ఎప్పుడూ కాదనలేదు. ఏమైంది, ఏదన్నా లేచిందా అని అడిగితే "పనిలో పడిపోతామండి," అనేవాడు. ఒకసారి నేను కాస్త గట్టిగా అడిగాను. వాకిలి వైపు చూస్తూ, "ఆగితే మమ్మల్ని కూడా ఆయన్లాగే ఇంటికి పంపుతారండి," అన్నాడు. ఆ తర్వాత నేను చెప్పడం తగ్గించాను. సరంగు గారికి పంపడానికి కబురేదీ లేకపోయింది.

ఇప్పుడు ఐసు పంపుతున్నాను.

వ్యాను డ్రైవరు పక్కన నేనే కూర్చున్నాను. ఉల్లిపాలెం వంతెన ఎక్కుతుంటే కృష్ణ నీళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. వెనక ఊక మీద, గోనెల కింద దిమ్మలు. కోడూరు దాటి పల్లె చేరేసరికి బాగా పొద్దెక్కింది. ఇంటి ముందు టార్పాలిను పందిరి కట్టారు, రేవు నుంచి చాలామంది వచ్చారు. మంచం పందిరి కింద ఉంది. ఆయన ముఖం చూసి దణ్ణం పెట్టుకున్నాను. మెడ ఒక పక్కకి వాలి ఉంది.

తల దగ్గర రాంబాబు నిలబడి ఉన్నాడు. నిన్న సాయంత్రమే బోటు ఒడ్డుకొచ్చిందట, కబురు తెలియగానే అందరికన్నా ముందు వచ్చాడట.

మా వాళ్ళు మొదటి దిమ్మ గోనెలో పట్టుకుని వాకిట్లోకి తెచ్చారు. "ఆగండి," అన్నాడు రాంబాబు.

ఏమిటన్నట్టు చూశారు.

"ఇప్పుడే వద్దు. కాసేపు చూద్దాం."

బావమరిది నా పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు. పొద్దుటి నుంచీ ఇదే వరసట. ఊళ్ళో డాక్టరు వచ్చి చూసి చెప్పి వెళ్ళాడు. అయినా కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టనివ్వడం లేదు, మంచం కింద దీపం పెట్టనివ్వడం లేదు. అప్పుడు చూశాను. మంచానికి కాళ్ళ వైపు రెండు కోళ్ళ కిందా ఇటుకలు పెట్టి ఉన్నాయి. కాళ్ళు ఎత్తుగా, తల వాలుగా. ఛాతీ మీద తడి గోనె.

ఎవరూ నవ్వలేదు. బోటు మనుషులంతా ఒకరి వెనక ఒకరు వచ్చి మంచం చుట్టూ నేల మీద కూర్చున్నారు. పక్క బోటుకి మారినవాళ్ళు కూడా. రాంబాబు వంగి ఆయన ముక్కు కింద వేళ్ళు వెనక్కి తిప్పి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. నేను ప్రార్థన చేసుకునే మనిషిని, డాక్టరు మాట నమ్మే మనిషిని, అయినా ఆ గోనె వైపే చూస్తూ కూర్చున్నాను. ఒకసారి కదిలిందనిపించింది. గాలి.

వ్యానులోంచి నీళ్ళు కారి సందులోకి పాయ కట్టాయి. కోళ్ళు వచ్చి తాగుతున్నాయి. మా డ్రైవరు నా వైపు చూశాడు, ఉండమని చెయ్యి చూపించాను.

చాలాసేపటికి ఆవిడ లోపలి నుంచి వచ్చింది, సరంగు గారి భార్య. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది గాని మాట స్థిరంగా ఉంది.

"చాలు రాంబాబూ," అంది. "ఈ ఆగడమేదో ఒక్కరోజు బోటు మీద ఆగి, లేచిందండీ అని వచ్చి చెప్పుంటే బాగుండేది నాయనా. రోజూ సాయంత్రం రోడ్డు మీదకెళ్ళి నీ కోసం చూసేవాడు."

ఆవిడ కొంగు ముడిలోంచి దారం తీసి అతని చేతికిచ్చింది. వేళ్ళు కట్టమంది.

అతను ఇటుకలు తీసేశాడు. గోనె తీసి మడత పెట్టాడు. కాళ్ళ దగ్గర కూర్చుని రెండు బొటనవేళ్ళూ దగ్గరికి చేర్చి దారం చుట్టాడు. అలవాటైన చెయ్యి కదా, ఒక చెవి వదిలింది, మెలి తిప్పి రెండో చెవి వదలబోయింది. అక్కడ ఆగిపోయాడు. అదంతా విప్పేశాడు. మామూలు ముడి వేశాడు, వదులుగా, లాగితే ఊడొచ్చేలా.

అప్పుడు ఐసు దింపమన్నాను. సగం కరిగిపోయింది. మిగిలినదే ఆయన చుట్టూ పేర్చాం.